కళ్ళు తెరిచి మాట్లాడిన హెప్సిబా

కొంగలపాడులో ఎవరింట ఏ శుభకార్యం జరిగినా ముందు హెప్సిబాకి కబురు వెళ్ళేది. కొత్తిల్లయినా, పుట్టినరోజయినా, ఆఖరికి కొత్త మోటారు సైకిలయినా ఆవిడ వచ్చి ప్రార్థన చేయాల్సిందే. పైట కొంగు తలమీదికి లాక్కుని, కళ్ళు గట్టిగా మూసుకుని, "దయగల మా తండ్రీ" అని అందుకుందంటే ఇక వంటవాళ్ళు పొయ్యి మీది పలావు సంగతి కూడా మర్చిపోయేవాళ్ళు. చర్చి పాస్టరు రాజరత్నం గారు నవ్వుతూ అనేవారు, "హెప్సిబమ్మా, నీ ప్రార్థన అయ్యాక నా ప్రసంగం చప్పగా ఉంటుందమ్మా. కాస్త తగ్గించుకో."

అదే మనిషిని కళ్ళు తెరిపించి నలుగురి ముందు నిలబెడితే మాత్రం నాలుక పిడచకట్టుకు పోయేది. ఒకసారి స్త్రీల సమాజం వాళ్ళు వందన సమర్పణ చేయమన్నారు. మైకు పట్టుకుని "అందరికీ" అంది. గొంతు సవరించుకుని మళ్ళీ "అందరికీ" అంది. ఆ తర్వాత వెళ్ళి కూర్చుంది. పాపం, ఏం చేస్తుంది? బుద్ధెరిగిన దగ్గర్నుంచీ జనం ముందు ఆవిడ నోరు విప్పింది కళ్ళు మూసుకునే. మనుషులు కళ్ళబడితే మాటలు కనబడకుండా పోయేవి.

హెప్సిబా జాకెట్లు కుడుతుంది. భర్త ఆనంద్ పాల్ ఆకివీడులో చేపల లారీ నడుపుతాడు. ఒక్కతే కూతురు షారోన్. పదో తరగతి మంచి మార్కులతో పాసై, తాడేపల్లిగూడెంలో ఇంటర్ సీటు తెచ్చుకుంది. భీమడోలు చేరితే చాలు, అక్కణ్ణుంచి గూడేనికి రైలుంది. అయితే భీమడోలు చేరడమే కష్టం. వెనకటికి ఊళ్ళోకి పొద్దున్నే ఒక బస్సు వచ్చేది. కరోనా రోజుల్లో ఆగింది. కరోనా పోయింది గానీ బస్సు తిరిగి రాలేదు. మెయిన్ రోడ్డు దాకా చేపల చెరువుల గట్టు వెంట నడవాలి.

ఆనంద్ పాల్ సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు అన్నం దగ్గర కూర్చుని తేల్చేశాడు. "బస్సొస్తే కాలేజీ. లేకపోతే ఇంట్లో ఉండి మిషను నేర్చుకోమను. ఆ గట్టు మీద లారీలు ఎలా తోల్తారో నాకు తెలీదా? తోలేది నేనేగా!"

షారోన్ కంచం ముందు నుంచి లేచి పోయింది. హెప్సిబా ఆ రోజు కుట్టిన జాకెట్టుకి చేతులు తిరగేసి కుట్టేసింది.

ఈ గొడవ సర్పంచి సత్తిరాజు చెవిన పడింది. ఆయన కూతురూ ఆ గట్టు మీదే నడిచి కాలేజీకి వెళ్తుంది. భీమడోలులో మహిళా సంఘాల సమావేశానికి బస్సు డిపో మేనేజరు గారు వస్తున్నారని తెలియగానే హెప్సిబా ఇంటికొచ్చాడు.

"ఏవమ్మా, ఊరి తరఫున బస్సు గురించి నువ్వు మాట్లాడాలి."

"నేనా? బాబోయ్! మీరు మాట్లాడండి సర్పంచి గారూ."

"నేను మాట్లాడితే రాజకీయం అంటారు. అంత బాగా ప్రార్థన చేసేదానివి, ఒక బస్సు అడగలేవా?"

ఆ మాట హెప్సిబాకి సబబుగానే తోచింది. అక్కడే పొరపాటు జరిగిపోయింది.

సమావేశం రోజు షామియానా కింద ఆడవాళ్ళు కిక్కిరిసి కూర్చున్నారు. వేదిక మీద మేనేజరు గారు. హెప్సిబా పేరు పిలిచారు. మైకు ముందుకు వెళ్ళి, ఆ తలల వంక ఒక్కసారి చూసింది. బెదిరిన మనిషికి అలవాటే దిక్కు కదా, చెయ్యి దానంతటది పైట కొంగుని తలమీదికి లాగింది. కళ్ళు మూతబడ్డాయి. "మేనేజరు గారికి నమస్కారం" అనబోయిన నోటి వెంట, "దయగల మా తండ్రీ" అని వచ్చింది.

ఇక చూడాలి! మేనేజరు గారు చటుక్కున లేచి నిలబడి చేతులు కట్టుకున్నారు. వేదిక మీది పెద్దలంతా లేచారు. షామియానా కింద కొందరు కొంగులు కప్పుకున్నారు, కొందరు దణ్ణం పెట్టుకున్నారు. హెప్సిబా గొంతు సాగింది. మా బిడ్డలు ఎండలో నడుస్తున్నారనీ, లారీలకు భయపడుతున్నారనీ, కరుణించి ఒక్క బస్సు దయచేయమనీ చెమ్మగిల్లిన గొంతుతో వేడుకుంది. ఎక్కడ ఆపాలో తెలియక, తెలిసిన చోటే ఆపింది. అందరూ ఒక్క గొంతుతో "ఆమేన్" అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది మేనేజరు గారే.

"చక్కటి ప్రార్థనతో సమావేశం మొదలైందండీ" అని, నిర్వాహకుడు తర్వాతి పేరు పిలిచేశాడు.

తిరుగు దారిలో ఆటోలో సత్తిరాజు నుదురు కొట్టుకున్నాడు. "అర్జీ ఆ పైనున్న డిపోకి వెళ్ళిపోయిందమ్మా! ఇక్కడున్నాయన ఆమేన్ అని ఊరుకున్నాడు!"

ఆటో అంతా పడీ పడీ నవ్వింది. హెప్సిబా కూడా నవ్వింది గానీ, ఇంటి గడప దగ్గర నిలబడ్డ షారోన్ మొహం చూశాక ఆ నవ్వు కాస్తా ఇంకిపోయింది.

అదృష్టం ఇంకోసారి తలుపు తట్టింది. ఎవరో దాత ఊరి మొగలో బస్సు షెల్టరు కట్టించాడు. బస్సే రాని ఊరికి షెల్టరు! మినుములు పోసుకోవడానికి బాగుందని మనుషులూ, పడుకోవడానికి బాగుందని మేకలూ సంతోషించారు. దాని ప్రారంభానికి సత్తిరాజు పట్టుబట్టి మేనేజరు గారిని ఒప్పించాడు. మాట్లాడేది మళ్ళీ హెప్సిబానే అన్నాడు.

"వద్దండీ, మళ్ళీ కళ్ళు మూసుకుపోతాయండీ!"

"నీ గొంతుకి ఆయన లేచి నిలబడ్డాడమ్మా. నేను మాట్లాడితే ఫోను చూసుకుంటాడు. ఆ కళ్ళ సంగతి నువ్వు చూసుకో."

షారోన్ తల్లికి గురువైంది. ఫోనులో కోటు వేసుకున్న ఒకాయన ఉపన్యాసం ఎలా ఇవ్వాలో చెబుతున్న వీడియో పెట్టింది. "చేతులు కదపాలంట అమ్మా. జనం నెత్తి మీదుగా గోడ వంక చూడాలంట." హెప్సిబా గోడ వంక చూసి చేతులు ఊపితే, దండెం మీది జాకెట్లన్నీ కిందపడ్డాయి. గోడకి ఏం చెప్పాలో ఆవిడకి తోచలేదు. చెరువు గట్టు మీద బాతుల ముందు నిలబెట్టి చూసింది షారోన్. "గౌరవనీయులైన" అనగానే బాతులు క్వాక్ క్వాక్ మంటూ నీళ్ళలోకి దూకేశాయి.

"చూశావా, అవే ఉండలేకపోయాయి" అంది హెప్సిబా.

అలా ఆశ వదులుకున్న రోజునే వీధి చివరింటి వెంకటనరసమ్మ జాకెట్టు కొలతకి వచ్చింది. పెద్దావిడ, పొలం పుట్రా ఉన్న ఇల్లాలు, నోరు మంచిదే గానీ దాపరికం లేదు. హెప్సిబా పళ్ళ మధ్య పిన్నులు కరిచిపట్టి, టేపు ఆవిడ భుజానికి వేసి కబుర్లలో పడింది. బస్సు లేక షారోన్ చదువు పోతోందనీ, లారీ హారను కొడితే పిల్లలు తుమ్మ చెట్ల వైపు ఎలా ఒదుగుతారో, వెనకటి వానల్లో సర్పంచి గారమ్మాయి చెప్పు బురదలో ఎలా పోయిందో చెబుతూనే ఉంది. వెంకటనరసమ్మ కళ్ళు తుడుచుకుంది. అంతలోనే చప్పున టేపు పట్టుకుంది.

"ఏవే హెప్సీ, నీ కళ్ళు తెరిచే ఉన్నాయిగా?"

"మూసుకుంటే కొలత ఎలా చూస్తానండీ పిన్నిగారూ?"

"నోటినిండా పిన్నులున్నా మాట ఆగలేదు! నన్ను ఏడిపించావు కూడా. ఇదే అక్కడ చెప్పు."

"అక్కడ జనమండీ!"

"జనమెవరే? నీ జాకెట్టు తొడగని మొహం ఒక్కటుందా అక్కడ? ఒక్కొక్కళ్ళనీ కొలతకి వచ్చినట్టు చూడు. ఒకరి కొలతయ్యాక ఇంకొకరు. అందరికీ ఒకేసారి టేపు వేస్తావా ఏంటి?"

హెప్సిబా నోట్లోంచి పిన్నులు తీసింది. ఆవిడ మొహంలో వెలుగు చూసి వెంకటనరసమ్మ, "ముందు నా చంక దగ్గర వదులు పెట్టు, తర్వాత ఆలోచించుకో" అంది.

ఆ రోజు నుంచీ జాకెట్టు కోసం వచ్చిన ప్రతి మనిషికీ కొలత తీస్తూ బస్సు కథ చెప్పింది. ఒకామె నవ్వితే ఆ మాట దాచుకుంది. ఇంకొకామె ఆవలిస్తే ఆ ముక్క కత్తిరించేసింది. ఎక్కడ ఆగితే ఎదుటి మనిషి "అయ్యో, తర్వాత?" అంటుందో కనిపెట్టింది. కథ ఆమె చేతుల్లో ఒంటికి సరిపోయే జాకెట్టులా తయారైంది.

షెల్టరు ప్రారంభం రోజున ఊరంతా వచ్చింది. ఆనంద్ పాల్ కూడా లారీ దిగి వచ్చి వెనకాల నిలబడ్డాడు. మేనేజరు గారు రిబ్బను కత్తిరించి కూర్చున్నారు. హెప్సిబాని చూడగానే గుర్తుపట్టి, భక్తిగా లేవబోయారు.

"కూర్చోండి సార్, కూర్చోండి!" అన్నాడు సత్తిరాజు కంగారుగా. "ఇవాళ ప్రార్థన కాదండీ!"

మైకు ముందు హెప్సిబా. మెడలో టేపు వేలాడుతోంది, తీయడం మర్చిపోయింది. జనం కళ్ళబడ్డారు. చెయ్యి పైట కొంగు వైపు వెళ్ళింది, టేపుకి తగిలి ఆగింది. కళ్ళు మూతబడబోతుండగా ముందు వరసలో వెంకటనరసమ్మ గట్టిగా దగ్గింది.

హెప్సిబా ఆవిడనే చూసింది. ఒక్క ఆవిడనే.

"పిన్నిగారూ, చంక దగ్గర సరిపోయిందాండీ?"

మైకులో ఆ మాట ఊరంతా మోగింది. జనం గొల్లుమన్నారు. "సరిపోయిందే, నువ్వు కానీ!" అని అరిచింది వెంకటనరసమ్మ.

ఆ నవ్వుతో హెప్సిబా ఒంట్లో బిగుసుకున్నదంతా వదులైంది. రెండో వరస వంక చూసింది. "సూర్యకాంతం గారూ, మీ పింకీ పొద్దున ఎప్పుడు లేస్తుందండీ?"

"తెల్లారకుండానే లేపుతానమ్మా, నడవాలి కదా."

"క్లాసులో ఏం చేస్తుందండీ మరి?"

"నిద్రోతుంది, ఇంకేం చేస్తుంది!" అని పింకీయే లేచి చెప్పింది. మళ్ళీ నవ్వులు. ఈసారి మేనేజరు గారు కూడా నవ్వారు.

అలా ఒక్కొక్కరినీ చూస్తూ, ఒక్కొక్కరినీ పలకరిస్తూ కథ నడిపింది. తుమ్మ చెట్లకి ఒదిగే పిల్లల దగ్గర గొంతు తగ్గించింది. షెల్టరు కింద మేకల కబురు చెప్పి గొంతు పెంచింది. చివరికి మేనేజరు గారి వైపు తిరిగింది. చూపు అలవాటుగా చొక్కా మీద పడింది.

"సార్, ఏమనుకోకండి, మీ చొక్కా భుజం జారిందండీ. ఇచ్చి వెళ్తే సరిచేస్తాను."

ఆయన భుజం చూసుకుని సిగ్గుపడ్డారు. జనం ఈలలు వేశారు.

"మీకు పిల్లలున్నారాండీ?"

"అమ్మాయమ్మా. డిగ్రీ."

"కాలేజీకి ఎవరు దింపుతారండీ?"

"నేనేనమ్మా, స్కూటరు మీద."

"మా పిల్లల నాన్నలు చెరువుల మీదా, లారీల మీదా ఉంటారండీ. దింపేవాళ్ళు లేరు. మీ అమ్మాయితో పాటు వీళ్ళనీ మీరే దింపాలండీ. స్కూటరు చాలదు, కాస్త పెద్ద బండి పంపండి."

చప్పట్లు ఎంతకీ ఆగలేదు. మేనేజరు గారు మైకు అందుకుని, "కాలేజీలు తెరిచిన రోజు నుంచీ నెల్లాళ్ళు వేసి చూస్తానమ్మా. పిల్లలు ఎక్కితే బస్సు ఆగదు" అన్నారు.

వెనకాల నిలబడ్డ ఆనంద్ పాల్ పక్కవాడితో, "మా ఆవిడేనండీ" అన్నాడు. పక్కవాడికి తెలిసిన విషయమే. అయినా చెప్పాడు.

కాలేజీలు తెరిచిన రోజు పొద్దున బస్సు హారను కొట్టుకుంటూ షెల్టరు ముందు ఆగింది. మినుములు పక్కకి తోశారు. మేకలు మాత్రం కదలనన్నాయి. కొత్త బ్యాగుతో షారోన్ కిటికీ పక్క సీటు పట్టుకుంది. పింకీ ఎక్కింది, సర్పంచి కూతురు ఎక్కింది, చోటు చాలక కొందరు నిలబడ్డారు. డ్రైవరు బండి తీయబోతుంటే సత్తిరాజు ఆపాడు. "ఉండు బాబూ. అమ్మా హెప్సిబా, ఒక్క ప్రార్థన చేసి పంపు."

హెప్సిబా మెట్టెక్కి నిలబడింది. అందరూ తలలు వంచారు. "దయగల మా తండ్రీ" అని అందుకుంది. వెంకటనరసమ్మకి ప్రార్థనలో కళ్ళు మూసుకునే ఓపిక ఎప్పుడూ లేదు. ఓరగా చూసింది. హెప్సిబా కళ్ళు రెండూ తెరిచే ఉన్నాయి! ఒక్కో పిల్ల మొహమే చూస్తూ, ఒక్కొక్కరి పేరే చెబుతూ, చివరికి షారోన్ దగ్గర ఆగి నవ్వుతోంది.

"ఆమేన్" అయ్యాక, బస్సు కదిలాక, వెంకటనరసమ్మ దగ్గరికొచ్చి గిల్లింది. "ఏవే, కళ్ళు మూసుకోవాలి కదే?"

హెప్సిబా నాలుక కరుచుకుంది.

"అయ్యో, మర్చిపోయానండీ పిన్నిగారూ!"