ఒకటికి వంద

ఎనభైల మధ్యలో మా ఊళ్ళో యుద్ధాలన్నీ పంచాయతీ ఆఫీసు అరుగు మీదే జరిగేవి. సాయంత్రం రేడియో వార్తల వేళకి ప్రెసిడెంటు గారు, ఎరువుల కొట్టు ఆసామి, వాళ్ళకి తాళం వేసే నలుగురైదుగురు అక్కడ చేరేవారు. ఉత్తరాన సరిహద్దులో అవతలివాళ్ళు కాల్పులు జరిపారు, మనవాళ్ళు తగిన జవాబు చెప్పారు అని వార్త వస్తే చాలు, అరుగుకి పూనకం వచ్చేది. “తగిన జవాబేందయ్యా నా మొహం! ఒకటికి వంద కొట్టాల. ఊళ్ళకి ఊళ్ళు బూడిదైతేగానీ బుద్ధి రాదు” అనేవారు ప్రెసిడెంటు గారు. చేలో పాము కనబడితే గట్టెక్కి మా నాన్నని కేకేసే మనిషి ఆయన. ఆ సంగతి అరుగు మీద ఎవరూ ఎత్తేవారు కాదు.

ఒకటికి వంద అనే లెక్క వాళ్ళకి కొత్తేం కాదు. పత్తికి తెల్లదోమ పట్టిన ఏడు, డబ్బా మీద రాసిన మోతాదు ఏ మూలకీ చాలదని నాలుగు రకాల మందులు కలిపి కొట్టించిన మేధావులు వీళ్ళే. దోమని తినే పురుగులు చచ్చాయి, తేనెటీగలు చచ్చాయి, మందు కొట్టిన మా పల్లె కూలీలు ఇద్దరు వాంతులతో ఆస్పత్రి పాలయ్యారు. దోమ మాత్రం దివ్యంగా ఉంది, మునుపటికి రెండింతలైంది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే అదే. అయినా ఎరువుల ఆసామి “ఇంకో దఫా పడాల” అన్నాడు. మందు అమ్మేది ఆయనే మరి! అలాంటి బుర్రలు దేశానికి యుద్ధం నేర్పుతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఇప్పటికీ మండుతుంది, దాచుకోవడం ఎందుకు.

చీరాల నుంచి పడమరగా బస్సులో గంట దూరం మా ఊరు. ఊరికి ఎడంగా మా పల్లె, మధ్యలో చర్చి, చుట్టూ మా ఇళ్ళు. మా నాన్న పసితనం నుంచీ ప్రెసిడెంటు గారింట్లో జీతగాడు. నేను టీచరు ట్రైనింగు ముగించి, ఉద్యోగం కాగితం కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తూ, అమ్మతో పాటు మిరప కోతలకి వెళ్ళేదాన్ని. మా అన్న సైన్యంలో ఫిరంగి దళంలో ఉన్నాడు. ఆ ఏడు జనవరిలో సెలవు మీద వచ్చాడు.

వచ్చిన వారానికే ప్రెసిడెంటు గారి కబురు. జెండా పండగ నాడు పంచాయతీ ఆఫీసు ముందు సభ పెడతారట, అన్నని వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పుతారట. మా పల్లె మనిషి ఆ వేదిక మీద కూర్చోవడం అప్పటిదాకా లేదు. బల్లలు మోసేది మేము, కుర్చీలు వేసేది మేము, కూర్చునేది వాళ్ళు. మా నాన్నకి రెండు రోజులు అన్నం సయించలేదు. “ఒరేయ్, పదిమందిలో నిన్ను కుర్చీలో చూస్తే చాలురా నాకు, ఇంకేం అడగను” అన్నాడు అన్నతో. అంత చాకిరీ చేసిన మనిషి అంత చిన్న కోరిక కోరుకుంటే నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

ఆ రోజు జెండా ఎగిరింది, మిఠాయి పంచారు. అన్న యూనిఫాంలో చివరి కుర్చీలో కూర్చున్నాడు. నాన్న జనం వెనకాల, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, కొడుకు మీంచి చూపు తిప్పకుండా నిలబడ్డాడు. ప్రెసిడెంటు గారు మైకు పుచ్చుకుని అరగంట సేపు సరిహద్దు కాపాడారు. ఆపైన అన్న వైపు తిరిగి, “చెప్పరా, ఎంతమందిని లేపేశావు? జనం వింటారు” అన్నారు. సైనికుణ్ణి ‘రా’ అంటూ సన్మానించడం మా ఊరి మర్యాద.

“లెక్క తెలవదండీ” అన్నాడు అన్న. పోయిన ఏప్రిల్లో జరిగింది చెప్పాడు. అవతలి నుంచి గుండ్లు పడ్డాయి. అన్న పక్కనుండే తోటి సైనికుడు అక్కడికక్కడే పోయాడు. ఆ గుండ్లు ఏ ఫిరంగి నుంచి వస్తున్నాయో చూసి, దాన్నే కొట్టమని ఆఫీసరు చెప్పాడు. కొట్టారు. పావుగంటకి అవతలి ఫిరంగి ఆగింది. వీళ్ళనీ ఆపమన్నారు, ఆపారు.

“అంతేనా?” అన్నాడు ఎరువుల ఆసామి, సినిమా మధ్యలో కరెంటు పోయినట్టు మొహం పెట్టి.

“అంతేనండీ.”

“మనోడు పోతే పావుగంటా!” అని లేచారు ప్రెసిడెంటు గారు. “ఇదేం జవాబురా? అక్కడ చుట్టుపక్కల ఊళ్ళు లేవా? తగలబెట్టి పారెయ్యాల్సింది!”

అన్న కుర్చీలోంచి లేచాడు. తర్వాత మెల్లగా అన్నాడు. “నాకూ అట్టాగే అనిపించిందండీ ఆ రోజు. ఆడూ నేనూ ఒకే పళ్ళెంలో తిన్నాం. ఆపమన్నా నా చేతులు ఆగలా. ఆఫీసరు వచ్చి రెక్క పట్టుకుని లాగాడు. తెల్లారి బైనాక్యులర్లో చూశా. ఆ ఫిరంగికి దగ్గర్లోనే ఊరుంది. మా వైపు ఊళ్ళో గుండు పడగానే ఆసాములు ట్రాక్టర్లెక్కి ఎల్లిపోయారు. అవతలా అంతే అనుకుంటా, ఒక్క ట్రాక్టరు కనపళ్ళా. కూలోళ్ళు మాత్రం వంగి గోధుమ కోస్తన్నారు, ఇక్కడ మా అమ్మ మిరక్కాయలు కోసినట్టే. నేనింకో రెండు గుండ్లు ఏసుంటే ఏడ పడేవో నాకే తెలవదు. ఊరు తగలబెట్టమంటే తగలబడేది ఆళ్ళేనండీ. ఆసాములు కాదు.”

అప్పుడు వెనకనుంచి మా పల్లె ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. అవే మా కొంప ముంచాయి.

సైన్యం చేతులు ముడుచుకు కూర్చోవాలనే రకాన్ని కాదు నేను. ఆ పావుగంట మా అన్న వాళ్ళు కొట్టకపోతే ఇంకెంతమంది పోయేవారో! కొట్టాల్సిందే. ఎవర్ని, ఎందాకా అన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే స్నేహితుడి శవం పక్కన నిలబడి చెయ్యి ఆపుకోవాలి. అరుగు మీద కూర్చుని తొడ కొట్టేవాళ్ళకి ఆ బాధ ఎక్కడిది? వాళ్ళకి యుద్ధమంటే సాయంత్రం టీలోకి నంజుకునే పకోడీ. ప్రెసిడెంటు గారు “వీడికి పిరికి మందు తాగించి పంపారు” అని నవ్వించబోయారు. ఎరువుల ఆసామి ఒక్కడే నవ్వాడు. శాలువా ప్రెసిడెంటు గారి చంకలోనే తిరిగి ఇంటికి వెళ్ళింది.

ఇంటికొచ్చాక నాన్న అన్న మీద విరుచుకుపడ్డాడు. “నాలుగు అబద్ధాలు చెప్తే నీ సొమ్మేం పోయిందిరా? పదిమందిని చంపానంటే ఎవడన్నా పోయి లెక్క చూస్తాడా? ఒక్క పూట, ఒక్క పూట నన్ను తలెత్తుకోనియ్యలేకపోయావే!” అని గుండెలు బాదుకున్నాడు. అన్న తల దించుకుని, “పోయినోడి పేరు చెప్పి గొప్పలు పోమంటావా నాన్నా?” అన్నాడు. నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ రాత్రి ఎవరూ తినలేదు.

మర్నాడు పొద్దున్నే కోతల మేస్త్రి వచ్చింది. పాపం, గుమ్మంలోకి రాలేక బయటే నిలబడింది. “పల్లెలో ఎవుర్నీ పిలవొద్దన్నారే అమ్మా. ఊళ్ళో రైతులందరికీ ప్రెసిడెంటు గారు కబురెట్టారు” అంది. మిరప ఎర్రగా పండి కోతకొచ్చిన రోజులు. ఏడాదంతా ఎదురుచూసే పని. మా పల్లె పనంతా ఒక్క మాటతో ఎత్తేసి, దూరం నుంచి లారీలో కూలీల్ని దింపారు. ఇదీ ఆ వీరుల ప్రతిదాడి! మాట్లాడింది ఒక్కడు. చప్పట్లు కొట్టింది పదిమంది. సభకి రాని ముసలమ్మకీ పని లేదు, నెల బిడ్డతో ఇంట్లో ఉన్న బాలింతకీ పని లేదు. ఇళ్ళల్లో గంజి పలచనైంది. మా నాన్నని మాత్రం రమ్మన్నారు, ఎడ్లకి మేత వేసేదెవరు మరి! ఆయన వెళ్ళాడు. పల్లె మొత్తం పస్తులుంటే ఆయన ఆ ఇంటి గొడ్లకి కడుపు నిండా పెట్టి వచ్చేవాడు. వచ్చి ఎవరి మొహమూ చూసేవాడు కాదు.

అన్న సెలవు అయిపోయింది. వెళ్తూ అమ్మతో “నా వల్లేనమ్మా ఇదంతా” అన్నాడు. “నీ వల్ల కాదులేరా, ఆళ్ళ కడుపుమంట వల్ల” అంది అమ్మ. బస్సు దగ్గరికి నాన్న వచ్చాడు గానీ, పెట్టె పైకెత్తి ఇచ్చి పక్కకి తిరిగి నిలబడ్డాడు.

మా పని ఆపించిన పన్నెండో రోజున మబ్బు పట్టింది. లారీ కూలీలు తొడిమలు ఊడబీకి, పచ్చివీ పండువీ కలిపి కోసి కల్లాల్లో పోశారు. ఇంకా సగం కాయ చెట్ల మీదే ఉంది. వాన పడితే అంతా బూజే. అప్పుడు గుర్తొచ్చాం మేము. మేస్త్రి మళ్ళీ వచ్చింది, ఈసారి నవ్వుతూ. మమ్మల్ని క్షమించి కాదు, మబ్బుకి జడిసి పిలిచారు. వెళ్ళాం. ఆకలికి పౌరుషం ఎక్కడిది?

మార్చిలో ఒక సాయంత్రం నేను కోత నుంచి వస్తుంటే నాన్న దారిలో కలిశాడు. గొడ్ల కొట్టం తాళంచెవి ఇవ్వడానికి పంచాయతీ ఆఫీసుకి వెళ్తున్నాడు. నేనూ వెంట నడిచాను. అరుగు నిండుగా ఉంది, రేడియో మోగుతోంది. సరిహద్దులో మళ్ళీ కాల్పులట. అన్న అక్కడే ఉన్నాడు. నాన్న కళ్ళు రేడియో మీదే ఉన్నాయి.

ప్రెసిడెంటు గారు నాన్నని చూసి మీసం దువ్వుకున్నారు. “ఏరా, మీవాడు ఈసారన్నా గట్టిగా కొడతాడా? పావుగంటకే చేతులెత్తేస్తాడా?”

అరుగంతా గొల్లుమంది. మా నాన్న ఏళ్ళ తరబడి ఆ మనిషికి ‘మీ దయ అయ్యా’ తప్ప ఇంకో జవాబు చెప్పి ఎరగడు. నేను ఆయన మోచెయ్యి పట్టుకుని లాగాను. ఆయన కదల్లేదు. తాళంచెవి అరుగు మీద పెట్టాడు.

“కొడతాడయ్యా” అన్నాడు. “కొట్టినోణ్ణే కొడతాడు. ఆడి చుట్టుపక్కలోళ్ళ నోటికాడ కూడు తియ్యడు. రేపట్నించి నేను రాను.”

రేడియోలో వార్తలు వాటి పాటికి అవి సాగుతున్నాయి. మేమిద్దరం పల్లె వైపు నడిచాం. సగం దారిలో నాన్న ఆగిపోయాడు. తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

“మాట ఎక్కువైందంటావా అమ్మా?” అని అడిగాడు.

“లేదు నాన్నా” అన్నాను. “సరిపోయింది.”