కలవని రెండు గీతలు

దయ్యాలంటే నాకు ఒళ్లు మంట. ఫలానావాళ్లకు దయ్యం పట్టిందని కొండగట్టు గుడికి తీసుకుపోతుంటే, ముందు నెత్తురు పరీక్ష చేయించండ్రా అని కసిరేవాణ్ణి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో, ఆదిలాబాద్ జిల్లాలో ఒక బొగ్గుగని దవాఖానలో ల్యాబు పని నాది.

ఒక మిట్టమధ్యాహ్నం గనిలోంచి రాజం శవం వచ్చింది. తల పగిలి ఉంది. లోపల అతని వెంట ఉన్నది బావ మల్లేశ్ ఒక్కడే. గడ్డపారతో కొట్టి చంపాడని కూలీలు మల్లేశ్‌ను దవాఖాన ముందే చితకబాదుతున్నారు.

‘గ్యాస్ తగిలి పడ్డడు, నేను కొట్టలే’ అని అతని అరుపు కిటికీలోంచి వినబడుతూనే ఉంది.

గ్యాసా, దెబ్బా తేల్చే పని నా మీద పడింది. నీళ్లలో కలిపిన నెత్తురును, వెలుగు రంగుల్ని విడదీసి చూపే స్పెక్ట్రోస్కోప్‌లో చూస్తే ఆకుపచ్చ వెలుగు మీద రెండు నల్ల గీతలు కనబడతాయి. మందు చుక్క వేసి గడియారం నొక్కాలి. మామూలు నెత్తురైతే నిమిషంలో రెండూ ఒకటవుతాయి. గనిలో పుట్టే విష గ్యాస్ తగిలిందైతే ఎంతసేపైనా కలవవు. పోల్చుకోవడానికి పక్కన నా వేలి నెత్తురు పెట్టుకునేవాణ్ణి. చీటీలు అంటించే ఓపిక లేదు. ఎడమ ట్యూబు శవానిది, కుడిది నాది, అంతే.

ఎడమదాంట్లో గీతలు కలిసిపోయాయి. కుడిది చూడనైనా చూడలేదు. నా నోరు పడిపోను, గుమ్మంలోకి వచ్చి గ్యాస్ లేదన్నాను.

ఇక ఎవరూ ఆపలేకపోయారు. బండరాయి ఎత్తి మల్లేశ్ తల మీద వేశారు. నెత్తురు మెట్ల మీద చిందింది, నా చెప్పుల మీదా పడింది.

లోపలికొచ్చి కుడి ట్యూబు చూశాను. గీతలు రెండూ అలాగే ఉన్నాయి. నేను గనిలో అడుగుపెట్టిన మనిషినే కాదు. ట్యూబులు తారుమారయ్యాయని అప్పుడు తట్టింది. రెండు నెత్తుర్లూ మళ్లీ తీసి ఈసారి చీటీలు అంటించాను. రాజం గీతలు కలవలేదు. మల్లేశ్ చెప్పింది నిజం.

ఇందాక కలిసిన నావీ ఈసారి కలవలేదు.

మందు చెడిందేమోనని ఏదో వంక చెప్పి నర్సమ్మ వేలు పొడిచాను. ఆమెవి నిమిషంలోపే కలిశాయి.

మూడోనాడు లచ్చవ్వ వచ్చింది. రాజానికి అక్క, మల్లేశ్‌కు పెళ్లాం. ఒక్క పూటలో తమ్ముణ్ణీ మొగుణ్ణీ పోగొట్టుకున్న మనిషి.

‘మంచిగ జూసినవా అన్నా?’ అని అడిగింది.

‘జూసిన’ అన్నాను. దండం పెట్టి వెళ్లిపోయింది.

ఆ గ్యాస్ ఒంట్లో నాలుగు రోజులు కూడా నిలవదు. ఏళ్లు గడిచినా వేలు పొడుచుకుని చూస్తూనే ఉన్నాను. కలవవు. ఎందుకో నాకు తెలియదు, తెలిసినవాళ్లెవరినీ అడగలేదు. లచ్చవ్వ ఈ ఊళ్లోనే ఉంది. ఎదురుపడితే ఇప్పటికీ ఆగి, మంచిగున్నవా అన్నా అని అడుగుతుంది.