లైట్లు ఆర్పి నిలబెట్టిన బండి

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు కోపం వస్తుంది. నేను చెప్పబోయేది నాకు జరిగింది. పక్కింటివాడికి జరిగింది కాదు, ఫోన్లో ఎవరో పంపింది కాదు. హిందూపురంలో నా వీల్ అలైన్‌మెంట్ షాపు మీద ఒట్టు. అన్నం పెట్టే షాపు మీద అబద్ధపు ఒట్టు ఎవడూ వేయడు.

ఇంకో మాట. నేను తాగను. ఆ రాత్రి నిద్రమత్తులో కూడా లేను. దయ్యాల గురించి నాకు పెద్దగా ఏమీ తెలియదు. బండ్ల గురించి మాత్రం తెలుసు. మా చుట్టుపక్కల ఎవరు పాత బండి కొనాలన్నా ముందు నన్ను ఎక్కించి తిప్పి చూడమంటారు. కిటికీలు దించుతాను, పాటలు ఆపేస్తాను, ఒక్కడినే తోలతాను. పక్కన ఎవరినీ కూర్చోనివ్వను. మనిషి ఉంటే ఊరికే ఉండడు, ఏదో ఒకటి మాట్లాడతాడు, బండి చెప్పేది వినపడదు. ఏ టైరులో గాలి తగ్గిందో, ఏ బుష్ అరిగిందో సీటులో కూర్చునే చెప్పేస్తాను. గొప్పలు పోతున్నాడు అనుకుంటున్నారా... అనుకోండి. ఈ ఒక్క విషయంలో పోతాను.

మా అక్క ధర్మవరంలో ఉంటుంది. బావ పోయాక అక్కకు కూతురు శైలజే లోకం. శైలజ పెనుకొండలో ఒక ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ దిగి, స్కూటర్ మీద ఇల్లు చేరేసరికి వీధిలో అందరూ అన్నాలు తినేసి తలుపులు వేసుకుంటారు. అంతవరకూ అక్క గుమ్మంలోనే. స్కూటర్ వద్దు, కారు కొనుక్కో అని అక్కే పోరింది. సరే అన్న పిల్ల ఏ కారు చూసింది? చిన్న కారే. బయటికి చూస్తే సంతకెళ్ళి కూరగాయలు తెచ్చుకునే బండి. లోపల మాత్రం టర్బో ఇంజను, గట్టి సస్పెన్షను, పొట్టి గేరు కడ్డీ. కాలేజీ కుర్రాళ్ళు ఫోటోలు తీసుకునే రకం. ఆ మాట తెలిసి అక్క మండిపడింది.

"మీ మామ ఎక్కి సూసి సరే అంటేనే. లేకుంటే ఆ బండి మాట నా ముందర ఎత్తొద్దు" అని తేల్చేసింది.

శైలజ నాకు ఫోన్ చేసింది.

"మామా, నా బతుకులో నేనై నేను కావాలనుకున్నది ఇదొక్కటే. తేడా ఉంటే ఉండాదని చెప్పు, వదిలేస్తా. అమ్మ కోసం అబద్ధం మాత్రం చెప్పొద్దు."

"నేనెప్పుడు అబద్ధం చెప్పినా పాపా?"

"పెండ్లిచూపులప్పుడు ఆ అనంతపురం పిల్లోడు బంగారమంటివి కదా!"

నేను బండ్లనే చూడగలను, పెళ్ళికొడుకులను కాదు.

బండి హిందూపురంలోనే ఉంది. అమ్మే ఆయన నాకు తెలిసినవాడే. తెల్లారితే బెంగళూరు నుంచి ఇంకొకరు వచ్చి పట్టుకుపోతారు, ఈ రాత్రే ఏదో ఒకటి చెప్పండి అన్నాడు. ధర్మవరం దాకా తీసుకెళ్ళి పిల్లకు చూపించి పొద్దున్నే తెచ్చిమ్మని తాళాలు చేతిలో పెట్టాడు. షాపు షట్టరు దించి బయలుదేరాను.

ఎక్కగానే సీటు నా నడుమును రెండు పక్కలా పట్టుకుంది. క్లచ్ బిగువుగా ఉంది కానీ మొండిగా లేదు. ఊరు దాటేదాకా స్పీడు బ్రేకర్ల మీద నెమ్మదిగా పోనిచ్చాను... ధడ్, ధడ్. మెత్తదనం లేదు. రోడ్డు మీద ఏముందో అంతా నేరుగా వీపుకు చెబుతోంది. రాయి రాయిగా, గుంట గుంటగా తెలుస్తోంది. కొందరికి ఇది నచ్చదు, నడుము నొప్పి అంటారు. నాకైతే ప్రాణం లేచొచ్చింది.

సోమందేపల్లి దాటి హైవే ఎక్కాక తొక్కాను. అర క్షణం ఏమీ లేదు... తరవాత టర్బో అందుకుంది. సన్నగా ఈల వేసింది. స్టీరింగు చేతుల్లో కొంచెం కుడికి గుంజింది, ముందు చక్రాలకు అంత బలం వస్తే గుంజక ఏం చేస్తుంది, అది తప్పు కాదు. గట్టిగా పట్టుకుంటే దారిలోకి వచ్చేసింది. కాలు తీస్తే వెనక సైలెన్సర్లో పటపటమని చిన్న చప్పుడు. ఒక్కడినే పకపకా నవ్వాను. ఈ వయసులో ఆ నవ్వు నాకే కొత్త. పెనుకొండ కొండ పక్కన నల్లగా వచ్చి, వెనక్కి వెళ్ళిపోయింది. అప్పటికే మనసులో తీర్పు రాసేసుకున్నాను. బండి ఖాయం, అక్కను ఎలా ఒప్పించాలన్నదే మిగిలింది.

హైవే దిగి ధర్మవరం దారి పట్టాను. ఈ మధ్యనే తారు వేసిన రోడ్డు. మచ్చ లేకుండా నల్లగా ఉంది. రెండు పక్కలా ఎవరిదో తోట, మనిషి ఎత్తు ఇనప కంచె. వెన్నెల లేదు. ఎదురుగా ఒక్క బండీ రావడం లేదు...

మలుపు తిరిగాను.

దారి మధ్యలో మనిషి.

తలమీదుగా కంబళి కప్పుకున్నాడు. చేతిలో కర్ర. ఒక చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాను. బండి ఇటు అటు పోకుండా గీత గీసినట్టు ఆగింది. మీరు నమ్మరు, ఆ క్షణంలో కూడా బ్రేకులకు మార్కులు వేశాను. ఆయన వెనక, దారి అంచున, లైట్ల వెలుగులో పచ్చగా కళ్ళు. బోలెడు కళ్ళు. జీవాలు. గొర్రెల మందను తోలుకుని ఏ చేనికో పోతున్నాడనుకున్నాను. చేలో మంద నిలిపితే ఎరువు అవుతుంది కదా, మా వైపు మామూలే.

మా దారుల్లో బండి తోలేవాళ్ళకు ఒక అలవాటు ఉంది. రాత్రి పూట జీవాలు అడ్డం వస్తే లైట్లు ఆర్పేస్తాం. వెలుగు కళ్ళలో పడితే బెదిరి తలో దిక్కుకు పారిపోతాయి. ఆ కాపరి తెల్లవార్లూ వెతుక్కోవాలి. ఇది ఎవరూ నేర్పరు, మా నాయన చేస్తుంటే చూసి నేను చేశాను. లైట్లు ఆర్పాను. ఈ బండి సైలెన్సరు గొంతు పెద్దది కదా అని ఇంజను కూడా ఆపేశాను.

చీకటి.

మొదట ఏమీ వినపడలేదు... తరవాత గిట్టలు. కొత్త తారు మీద వాన మొదలైనట్టు చిటచిటచిట. ఎక్కడో ఒకదాని మెడలో గంట. ఒక గొర్రె దగ్గింది. గొర్రె దగ్గు విన్నారా ఎప్పుడైనా... అచ్చం ముసలాయన దగ్గినట్టే ఉంటుంది. ఉన్ని వాసన, తడి ఉన్ని వాసన, కిటికీలోంచి లోపలికి వచ్చింది.

అప్పుడు బండి కదిలింది.

ముందు ఎడమ పక్క... మెల్లగా ఒరిగింది, మళ్ళీ సర్దుకుంది. తరవాత వెనక ఎడమ. తరవాత బంపరు. పక్కలు రాసుకుంటూ పోతున్నాయి. ఎన్ని పోతున్నాయో, ఏది బరువైనదో, ఏది పిల్లో, సీటులోంచి తెలుస్తోంది. చెప్పాను కదా, ఆ బండి ఏదీ దాచదు. నేను చూడలేదు, ఒప్పుకుంటాను. కానీ తగలడం తగిలాయి. అది నా వీపుకు తెలుసు.

"ఎవురిదప్పా బండి?"

గొంతు నా చెవి పక్కనే. కిటికీ దగ్గరే నిలబడి ఉండాలి. నాకు కంబళి అంచు కూడా కనపడలేదు.

ఇక్కడ నేను మా వాళ్ళందరూ చేసే పనే చేశాను. దారిలో ఎవరైనా బండి ఎవరిదని అడిగితే మేం నిజం చెప్పం. ఇంకా కొనలేదు, చూడడానికి తెచ్చాను అంటే ఇంకో పది ప్రశ్నలు వస్తాయి. మాదే అనేసి ఊరుకుంటాం. నాకూ అదే నోటికి వచ్చింది.

"మా పాపదిలేప్పా."

"ఏ పాప?"

"మా అక్క కూతురు. ధర్మారం. దినామూ ఈ దావనే వస్తాది."

అంత వివరం ఎందుకు చెప్పానో తెలియదు. పేరు ఒక్కటే చెప్పలేదు. గిట్టలు నడుస్తూనే ఉన్నాయి... చిటచిటచిట...

"రాత్రప్పుడా?"

"డ్యూటీ అయినంక. రాత్రే."

ఊపిరి వినపడలేదు. ఆ తరవాత అన్నాడు.

"సరే అయితే. పాపకు దావ ఇస్తాంలే."

అంతే. చప్పుడు ఆగిపోయింది. మంద దాటిపోతే చప్పుడు కొంచెం కొంచెంగా తగ్గుతుంది, చివరి గంట దూరంగా ఎక్కడో వినపడుతుంది. ఇది అలా కాదు... కొళాయి కట్టేసినట్టు ఆగింది. లైట్లు వేశాను.

దారి ఖాళీ.

నేను పిరికివాడిని కాదు. దిగాను. ఫోను లైటు వేసి వెతికాను. మంద దాటిన దారిలో పెంటికలు పడకుండా ఉండవు. ఒక్కటి లేదు. కంచె ఎక్కడా తెగలేదు, గేటు లేదు, సందు లేదు. అంత మంద ఎటు పోతుంది? "అప్పా!" అని కేకేశాను. నా కేక నాకే బాగాలేదు. బండి చుట్టూ తిరిగి కుడి తలుపు మీద చెయ్యి పెట్టాను, చల్లగా ఉంది. ఎడమ తలుపు మీద పెట్టాను...

వెచ్చగా ఉంది.

ఆ పక్కన ఇంజను లేదు, సైలెన్సరు లేదు, ఏ గొట్టమూ లేదు. నాకు తెలియని గొట్టం బండిలో ఉండదు. పశువు డొక్క మీద చెయ్యి వేస్తే ఉండే వెచ్చదనం అది. అప్పుడు వేసింది భయం. ఎక్కి తాళం తిప్పితే ఒక్క దెబ్బకు స్టార్టయింది. ధర్మవరం దాకా అద్దంలో వెనక్కి చూడలేదు.

అక్క గుమ్మంలోనే ఉంది. శైలజ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చి, బండి ముందు భాగం మీద చెయ్యి రాసింది. ఆ పిల్ల మొహం చూశాను. బండి బాగాలేదు అంటే చాలు. ఒక్క మాట. అక్క పండగ చేసుకుంటుంది, శైలజ ఆ మలుపులో రాత్రి కారులో రాదు. కానీ స్కూటర్ మీద వస్తుంది. అదే దారి, అదే మలుపు. పైగా అబద్ధం చెప్పొద్దు అంది. నేను చెంబెడు నీళ్ళు తాగి, బండి చూపిస్తానని శైలజను వీధి చివరికి తీసుకెళ్ళి మొత్తం చెప్పాను.

అడ్డు రాకుండా విన్నది. వింటూనే నా మణికట్టు పట్టుకుని నాడి చూసింది.

"బిరబిరా కొట్టుకుంటాండాది" అంది. "సరే మామా. బండిలో తేడా ఉండాదా, లేదా?"

"బండిలో ఏం లేదు. ఇంత నికార్సైన బండి నేను తోలలేదు."

"అయితే కొంటాండా."

"పాపా, ఆయప్ప ఎవురో..."

"ఎవురైతే ఏమి. దావ ఇస్తామన్న్యాడు కదా. అడ్డం పడతామనలేదు కదా."

ఆ మాట నాకు తట్టలేదు. వస్తున్నంత సేపూ నేను దాన్ని బెదిరింపుగానే విన్నాను. ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంట్లోకి వెళ్ళి అక్కతో సరే అన్నాను. అక్క నా కళ్ళలోకి ఒకసారి చూసి, "నువ్వు చెప్తే ఇంగ నేనేమంటా" అని అన్నం వడ్డించింది.

శైలజ బండి కొనుక్కుంది. బ్రహ్మాండంగా తోలుతుంది. కొంతకాలానికి పని మీద పెనుకొండ వెళ్ళి, రాత్రికి అక్కను చూడడానికి ధర్మవరం దాకా ఆమె బండిలోనే, పక్క సీటులో ఎక్కాను. గేర్లు దించే పద్ధతి చూసి శభాష్ అన్నాను. కబుర్లు చెప్పుకుంటూ వస్తున్నాం. ఆ మలుపు వచ్చింది. వేగం తగ్గించింది. పక్కకు కూడా తీయకుండా దారి మధ్యలోనే ఆపి, లైట్లు ఆర్పి, ఇంజను ఆపేసింది.

"ఏం చేస్తాండావు పాపా?"

"ఆగేది దినామూ ఉండేదే మామా. వాళ్ళు మనకు దావ ఇస్తే మనమూ ఇయ్యాల కదా."

"ఎవురన్నా... అవుపిస్తారా?"

"ఊహూ. ఎవురూ అవుపీరు."

కూర్చున్నాం. కీచురాళ్ళు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఏమీ లేదు, ఏమీ ఉండదు అని నాకు నేను చెప్పుకున్నాను... అప్పుడు ముందు ఎడమ పక్క మెల్లగా ఒరిగింది. సర్దుకుంది.

చీకట్లో శైలజ నా వైపు తిరిగింది.

"మామా, కదిలినావా?"

"లేదు."

"అయితే ఇంకా దాటలేదు" అంది. లైట్లు వేయకుండా, తాళం మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుంది.