రెండో గేరులో మేస్త్రి గారు

జీపులు బాగుచేసే మా మేస్త్రి గారు పోయారని కబురు వచ్చేసరికి నేను కృష్ణదేవిపేట సంతకు ఉల్లిపాయల బస్తాలు జీపులో ఎక్కిస్తున్నాను. ఫోను చేసింది ఆయన కూతురు. కొండమీద చింతపల్లి దగ్గర ఆసుపత్రిలో నర్సు. భార్య పోయి ఒంటరివాడైన తండ్రిని కిందటేడు తన దగ్గరికి తీసుకెళ్ళింది. పొద్దున్నే టీ తాగి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుని మరి లేవలేదట. నర్సీపట్నంలో అమ్మ పక్కనే సమాధి చేయాలని, బండి తీసుకుని రమ్మని అడిగింది. అంబులెన్సు దొరకదా అన్నాను.

"దొరుకుతాది అన్నయ్యా. డ్రైవరెవరో తెలీదు కదా. తెలీనోడు బండి నడుపుతుంటే నాన్న ఎప్పుడైనా కన్ను మూసేరేటి?" అంది.

బస్తాలు దింపేశాను. దింపుతున్నంత సేపూ నా ఆలోచన జీపు క్లచ్ మీదే ఉంది.

మేస్త్రి గారి షెడ్డు బలిఘట్టం వెళ్ళే దారిలో ఉండేది. కొండమీది సంతలకు తిరిగే జీపులన్నీ అక్కడికే వచ్చేవి. నేను బడిలో నేర్చింది తక్కువ, బండి గురించి తెలిసిందంతా ఆ షెడ్డులో నిలబడి నేర్చుకున్నదే. రోజూ లెక్కలు రాసుకుంటానని నన్ను ఆయన షావుకారూ అని పిలిచేవారు. నా దగ్గర ఉన్నది ఒక జీపూ, ఒక త్రాసూ.

క్లచ్ ప్లేటు మార్చిన బండిని ఆయన షెడ్డులో అప్పగించేవారు కాదు. లోడుతో ఘాట్ రోడ్డు ఎక్కించి, పక్క సీట్లో కూర్చుని, యజమాని చేతే దింపించేవారు. దిగడం మొదలయ్యే చోట బండి ఆపించి రెండో గేరు వేయించేవారు. క్లచ్ వదిలాక, ఎడమ కాలు మడిచి సీటు మీద పెట్టుకోమనేవారు, భోజనానికి కూర్చున్నట్టు. కొత్తవాళ్ళు నవ్వేవారు. మొదటి మలుపు దగ్గర ఆ నవ్వు ఆగిపోయేది. వాలులో భయం వేయగానే కాలు దానంతట అదే క్లచ్ మీదికి పోతుంది. తొక్కామంటే ఇంజిను వేరు, చక్రాలు వేరు. అప్పటిదాకా బండిని వెనక్కి లాగి పట్టిన ఇంజిను వదిలేస్తుంది, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అందుకే ఆ కాలికి దారి లేకుండా చేసేవారు.

"ఇంజినుకి ఒగ్గీ షావుకారూ. అదే పట్టుకుంటాది. బ్రేకు ఆకర్న వాడుకునేది, ముందే కర్సెట్టీకు" అనేవారు. ఇంజినుకే వదిలేయమని అలా చెబుతున్నప్పుడు ఆయన అరచెయ్యి గేరుబాక్సు మూత మీద ఉండేది. చెవితో వినేది తక్కువ, ఆ చేత్తోనే ఎక్కువ.

క్లచ్ పెడల్‌కి ఆట ఉండాలనేవారు. తొక్కితే మొదట కొంచెం వట్టిగా కిందికి పోవాలి, ఆ తరవాతే క్లచ్ అందుకోవాలి. ఆ వట్టి జాగా లేకపోతే క్లచ్ ఎప్పుడూ కొంత తొక్కి ఉన్నట్టే. వేడెక్కిందంటే ప్లేటు జారుతుంది, వాలులో ఇంజిను పట్టు పోతుంది. చాలామంది డ్రైవర్లు పెడల్ వెంటనే అందేలా బిగించమని అడిగేవారు. ఆయన బిగించేవారు కాదు. ఒకసారి ఒకాయన కోపంగా వెళ్ళిపోతుంటే, "బాబూ, నీ కాలికి సుకం సూడమంటే సూస్తాను గానీ, ఎనకాల కూకున్నోళ్ళ సంగతి ఏటి?" అని మాత్రం అన్నారు. ఆ డ్రైవరు మళ్ళీ వచ్చాడు. ఈయన టీ చెప్పారు.

ఆయన కొండమీదికి వెళ్ళిపోయాక షెడ్డు మూతపడింది. ఈ మధ్య నా జీపు ప్లేటు అరిగితే, ఆయన ఫోనులో చెబుతుంటే నేనే బండి కింద పడుకుని మార్చుకున్నాను. క్లచ్ రాడ్డు నట్టు తిప్పి పెడల్‌కి ఆట పెట్టాను. ఎంత పెట్టావని అడిగారు. చెప్పాను. "సరే. క్రిస్మస్‌కి దిగుతాను. నాను పక్కన కూకుని సూసే దాకా ఘాట్ మీద లోడెట్టీకు" అన్నారు. అందుకే కింది సంతలే చేస్తున్నాను. ఆ క్లచ్ ఇంకా ఆయన చూడలేదు.

నాతో మేస్త్రి గారి బావమరిది వచ్చారు. ఖాళీ బండి కొండ బాగానే ఎక్కింది. అది నాకు ధైర్యం ఇవ్వలేదు. ఎక్కేటప్పుడు అన్ని బళ్ళూ మంచివే అనేవారు మేస్త్రి గారు.

కూతురి ఇంటి దగ్గర జీపులో పరుపు వేసి ఆయన్ని వెనక పడుకోబెట్టాం. కూతురు తల దగ్గర కూర్చుంది, వాళ్ళ చర్చి వాళ్ళు నలుగురు సర్దుకుని కూర్చున్నారు. ఇంటి నుంచి రోడ్డు దాకా బురద బాట. అక్కడ నాలుగు చక్రాలకూ లాగుడు ఇచ్చే చిన్న లివరు వేసి, తారు రోడ్డు తగలగానే తీసేశాను. తారు మీద అది వేసి ఉంచితే ఆయన ఊరుకునేవారు కాదు.

లంబసింగి దాటి, దిగుడు మొదలయ్యే చోట ఆపాను. రెండో గేరు వేశాను. క్లచ్ వదిలి ఎడమ కాలు మడిచి సీటు మీద పెట్టుకున్నాను. బావమరిది గారు చూశారు.

"ఇదేటి బాబూ, పీట మీద కూకున్నట్టు? బేగి పోనీ. పాస్టరు గారు కాసుక్కూకున్నారు. పొద్దోతే ఎలాగ?"

వెనక నుంచి అమ్మాయి, "ఉండనీ మావయ్యా. నాన్న నేర్పింది అలాగే" అంది.

మంచు చూడడానికి వచ్చిన కార్లు మమ్మల్ని దాటి పోతున్నాయి. ప్రతి కారుకీ బావమరిది గారు నావైపు చూస్తున్నారు. నేను ఇంజిను చప్పుడే వింటున్నాను. వాలు పెరిగినప్పుడల్లా ఆ చప్పుడూ పెరగాలి. బండి పరుగెత్తి చప్పుడు అలాగే ఉండిపోయిందంటే ప్లేటు జారుతున్నట్టు. సగం దిగాక మాడిన వాసన వచ్చింది. నా ప్లేటే అనుకున్నాను. చప్పుడు వాలుతో పాటే పెరుగుతోంది, అయినా వాసన ఎక్కువవుతోంది. మలుపు తిరిగితే మమ్మల్ని దాటిపోయిన కారు ఒకటి పక్కకి ఆగి ఉంది, ముందు చక్రాల దగ్గర పొగ. ఒకాయన నీళ్ళ సీసాతో నిలబడి ఉన్నాడు. కాలిన బ్రేకుల మీద నీళ్ళు పొయ్యొద్దని, చల్లారే దాకా ఆగమని కేకేసి చెప్పాను. ఆ తరవాత బావమరిది గారు బేగి అనలేదు. కొంత దూరం పోయాక తన అరచెయ్యి గేరుబాక్సు మూత మీద పెట్టారు.

డౌనూరు వచ్చి రోడ్డు చదునైంది. గేరు మార్చాలి. కాలు తిమ్మిరెక్కి కదల్లేదు. అలాగే రెండో గేరులో ఊరు దాటించాను. ఆటోలు హారను కొట్టాయి.

ఆ రోజు నుంచి నాకు ఒకచోట నిలకడ లేదు. లెక్క రాద్దామని కూర్చుంటే రోడ్డు మీద జీపు చప్పుడు వినిపిస్తుంది. గేరులో వస్తోందా, ఊరికే జారుతోందా అని లేచి గుమ్మంలోకి వెళతాను. మళ్ళీ కూర్చుంటాను. మళ్ళీ లేస్తాను. పెడల్ ఆట మాత్రం ముట్టుకోలేదు. సరిగ్గానే పెట్టావని చెప్పేవారు లేరు, తప్పని చెప్పేవారూ లేరు. దిగి వచ్చాం, అంతే.

ఆ రోజు సమాధుల తోటకు చేరేసరికి ఇంకా వెలుగుంది. అక్కడ సిద్ధంగా ఉంచిన పెట్టెలో ఆయన్ని పడుకోబెట్టాం. పాట అయింది, ప్రార్థన అయింది. పెట్టె కింద రెండు తాళ్ళు వేశారు. ఒక కొస నాకు ఇచ్చారు, ఎదురు కొస బావమరిది గారిది. పెట్టె నేల మట్టం దాటగానే బరువు ఒక్కసారి కిందికి లాగింది. అటు చివర పట్టుకున్నవాళ్ళు తాడు వదలబోయారు.

"ఒగ్గీకండి" అన్నారు బావమరిది గారు. దారిలో తొందరపెట్టిన మనిషే, గొంతు పెంచకుండా చెప్పారు. "పట్టుకుంటానే దింపండి. బేగి ఏం లేదు."

అందరం కాళ్ళు నేలకు తన్నిపెట్టి వెనక్కి వాలాం. తాడు నా అరచేతుల్లో గరగరమంటూ కొంచెం కొంచెంగా పోయింది, కింద మట్టి తగిలే దాకా.