ఫ్లోరెన్సత్త జనుములో దిగబడ్డ కోత మిషను

ఫ్లోరెన్సత్తకి ఓ పూట కోపం రాలేదంటే జ్వరం వచ్చిందని అర్థం. కాకుమాను అవతల మా ఊరు. ఆవిడకి ఎకరంన్నర చేను. ఆ ఎకరంన్నర గురించి ఆవిడ చేత తిట్లు తినని మగాడు మా ఊళ్ళో లేడు. నేనైతే రెండు విడతలు తిన్నా.

మా ఊళ్ళో అందరూ వడ్లు పండిస్తారు, గడ్డి దాంతోపాటు వస్తుంది. ఈవిడ గడ్డి పండిస్తుంది, వడ్లే దాంతోపాటు వస్తాయి. కోత మిషన్ని చేలో అడుగు పెట్టనివ్వదు. మిషను కోసిన గడ్డి ముక్కలైపోయి, చక్రాలకి బదులుండే ఇనప చైను కింద నలిగి, బురద పూసుకుని ఉంటుంది.

"ఆ గడ్డి నీకు పెడితే తింటావంట్రా?" అని ఓసారి నన్ను నిలదీసింది.

"నేనెందుకు తింటానత్తా?"

"మరి గేదెకేం ఖర్మ?"

వరి కోతకి రాకముందే, నేల ఇంకా పదునుమీద ఉండగా, నిలబడ్డ వరిలోనే జనుము గింజలు చల్లేస్తుంది. వరి కోసి, పనలు ఎత్తేసరికి కింద జనుము లేచి పచ్చగా నవ్వుతా ఉంటుంది. పూతమీద దాన్ని కోసి, ఎండబెట్టి, ఓ వరస వరిగడ్డి, ఓ వరస జనుము పరిచి వామి వేస్తుంది. ఆ వామిలోంచి లాగిన గడ్డి ముందు వేస్తే గేదె తల ఎత్తదు. అందుకే ఎండాకాలంలో తెనాలి నుంచి, రేపల్లె నుంచి పాలవాళ్ళు ట్రాలీ ఆటోలు వేసుకుని వెతుక్కుంటా వస్తారు. జనుము లేకపోతే అది అందరి వామిలాంటి వామే, ఆటో ఒక్కటి కూడా మా ఊరి మలుపు తిరగదు. మావయ్య రాజారత్నానికి నడుం పడిపోయిన దగ్గర్నుంచీ ఆ ఇల్లు నడిచేది ఆ జనుము మీదే.

ఆవిడ చేనుకి లోపల పూర్ణచంద్రరావు గారి చేను. దానికి బాట లేదు. ముందు చేను కోతైపోతే లోపలోళ్ళు దానిమీంచి బండి తోలుకోవడం మా ఊరి ఆనవాయితీ. అడిగేది లేదు, ఆపేది లేదు. కాకపోతే ఆ ఆనవాయితీ పుట్టింది ఎడ్లబండ్ల రోజుల్లో. చైను బండి దాన్నెప్పుడూ చూళ్ళేదు.

మొన్న డిసెంబరులో తుఫాను కబురొచ్చింది. పూర్ణచంద్రరావు గారి వరి ఒరిగిపోయి ఉంది. ఆయన వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు.

"ఏమ్మా ఫ్లోరెన్సూ, మిషను వస్తంది. నీ చేలోంచి తోలతాం."

"తోలడానికి లేదండి."

"వరి కోసేశావు కదా?"

"జనుముందండి."

"అది గడ్డేగా!"

అయిపోయింది. ఆ మాట ఆయన తీరిగ్గా ఇంటికెళ్ళి అనుకున్నా బాగుండేది.

"గడ్డేనండి! పొద్దున్నే మీరు తాగే కాఫీలో పాలు ఆకాశంలోంచి రాల్తన్నాయా అండి? మీ చేలో ఉంటే పంట, నా చేలో ఉంటే గడ్డా అండి? మీ ఆనవాయితీ తగలెయ్యా అండి!"

ఎంత తిట్టినా ఆవిడ 'అండి' మాత్రం వదలదు. మర్యాదస్తురాలు.

ఆయనా తక్కువోడు కాదు. ఆదివారం చూసుకున్నాడు. ఆవిడ ఆరాధనకి కూర్చుంటే ఆశీర్వాదం అయ్యేదాకా లేవదని ఊరంతటికీ తెలుసు. పాస్టరు గారు శత్రువుల్ని క్షమించడం గురించి చెప్తుండగా పొలాల వైపు నుంచి గరగరమని చైను చప్పుడు వినపడింది. ఫ్లోరెన్సత్త లేచింది. గుడిలో సగం మంది ఆవిడ వెనకాలే లేచారు. నేనైతే ముందే లేచా.

మేం వెళ్ళేసరికి మిషను జనుములో మూడోవంతు దాకా వచ్చేసింది. వెనక చైను దిగబడిన రెండు గాళ్ళు, నల్లగా, లోతుగా. అత్త బైబిలు గట్టుమీద పెట్టి, ఇస్త్రీ చేసిన తెల్లచీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, వెళ్ళి మిషనుకి అడ్డంగా నిలబడింది. డ్రైవరు ఆపేశాడు.

"తప్పుకో ఫ్లోరెన్సూ, నా చేను మునిగిపోద్ది!" అని పూర్ణచంద్రరావు గారు గట్టుమీంచి అరిచాడు.

"నాది ఆల్రెడీ ముంచారండి!"

"నష్టం ఇస్తానన్నాను కదా!"

"ఎప్పుడన్నారండి? నేను గుడిలో ఉంటే గోడకి చెప్పారా అండి?"

వెనక జనం నవ్వారు. ఆయన మొహం కందగడ్డయింది.

"వెనక్కి పోనియ్యిరా," అంది డ్రైవర్తో. "వచ్చిన గాళ్ళలోనే పోవాలి. ఒక్క మొక్క అవతల పడిందా, నిన్నూ జనుముతోపాటు వామిలో వేస్తా."

వాడు వెనక్కి తీశాడు. కాస్త కదిలి మిషను ఓ పక్కకి వంగి, బుస్సుమని దిగబడింది. ఎంత గుంజితే అంత కిందకి పోతంది. పక్కకి తిప్పి లేపొచ్చు గానీ, తిప్పితే మిగిలిన జనుమంతా చైను కిందే.

"కింద గడ్డి పరవాలండి, లేకపోతే రాదు," అన్నాడు డ్రైవరు.

చుట్టూ అందరూ మిషన్తో కోయించి గడ్డి తగలబెట్టేసుకున్నారు. ఎక్కడ చూసినా మసే. ఉన్నదల్లా ఫ్లోరెన్సత్త గట్టుమీద నూర్చి పెట్టుకున్న గడ్డి కుప్ప. పూర్ణచంద్రరావు గారు కుప్ప వైపు చూశాడు, మబ్బు వైపు చూశాడు, చివరికి ఆవిడ వైపు చూడక తప్పలేదు.

"ఎంత కావాలో చెప్పు."

"డబ్బులొద్దండి. మీ చేను మిషను కొయ్యదు. రేపు తెల్లారేసరికి నేను కూలీల ముఠాని దింపుతా. కూలి మీరివ్వాలి. కోసి కుప్పేస్తాం. నూర్చాక గడ్డి నాది."

"మొత్తమా?"

"మొత్తమండి. ఎటూ తగలబెడతారుగా!"

"ఇది అన్యాయం!"

"అవునండి."

"పెద్దమనుషుల్ని పిలుస్తా!"

"పిలవండి. వాళ్ళొచ్చేలోపు వానొచ్చుద్ది."

ఆయన కాసేపు పళ్ళు నూరాడు. చినుకు పడితే ఒరిగిన వరి మొలకెత్తుద్దని ఆయనకీ తెలుసు.

"సరే, తియ్యండ్రా గడ్డి," అన్నాడు మమ్మల్ని చూసి.

"వాళ్ళెందుకండి? బండి తెచ్చింది మీరు."

పూర్ణచంద్రరావు గారు మోపు నెత్తికెత్తుకున్నాడు. మేం సాయం చేశాం గానీ మొదటి మోపు మాత్రం ఆయనదే. చొక్కా లోపల నూగు దిగి ఆయన గోక్కుంటా గోక్కుంటా నడుస్తుంటే నాకు నవ్వాగలేదు. అత్త నా వీపు మీద ఒక్కటిచ్చింది.

"నవ్వకు. నడువు. నీకేం నవ్వులాటగా ఉందా?"

గడ్డి మీద చైను పట్టు దొరికి మిషను వచ్చిన దారినే బయటికి పాక్కుంటా పోయింది. జనం చప్పట్లు కొట్టారు. అత్త అటు చూళ్ళేదు. బురదలో కూలబడి, గాళ్ళ అంచున వంగిపోయిన జనుము మొక్కల్ని ఒక్కోటే లేపి, మొదట్లో మట్టి నొక్కుతా, నోటికొచ్చినట్టు తిడతా ఉంది. మిషన్ని, ఆయన్ని, ఆనవాయితీని, చప్పట్లు కొట్టిన మమ్మల్ని. తెల్లచీర మోకాళ్ళదాకా నల్లబడిపోయింది.

పూర్ణచంద్రరావు గారు గోక్కోవడం ఆపి దగ్గరికొచ్చాడు.

"బతుకుతాయా అవి?"

ఆయన ఆ గడ్డి గురించి అడగడం అదే మొదలు.

"గాళ్ళలోయి పోయినట్టేనండి. మిగిలింది బతుకుద్ది. వామికి సరిపోద్ది." తల ఎత్తలేదు. "మీ కాలు తియ్యండి. మొక్క మీదుంది."

ఆయన ఉలిక్కిపడి కాలు తీశాడు.