అశోక్‌నగర్ క్లాసులో ఛాతీకి వైర్లతో ఒక రోజు

ఈసారి నా ప్రయాణం మొత్తం నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు. చిక్కడపల్లిలో మా ఇల్లు, నారాయణగూడలో గుండె క్లినిక్, అశోక్‌నగర్‌లో నేను అంకగణితం చెప్పే కోచింగ్ సెంటర్. అయినా మూడు రోజులు పట్టింది, అందులో ఒక రోజు కేవలం నా తెలివితక్కువతనం వల్ల. పోయిన నెల బోర్డు ముందు లాభనష్టాలు చెబుతూ చెబుతూ కళ్లు బైర్లు కమ్మి బల్ల పట్టుకున్నాను. పిల్లలకు చాక్‌పీస్ జారిందని చెప్పాను. తర్వాత వంటింట్లో ఏకంగా పడిపోతే నా భార్య సరళ చూసింది, ఇక పూర్తిగా దాచడం కుదరలేదు. ఈసీజీలో గుండె నిమిషానికి నలభై రెండుసార్లే కొట్టుకుంటోందని తేలింది. పేస్‌మేకర్ పెట్టాల్సి రావచ్చు, ముందు పరీక్షలు చూద్దామన్నారు డాక్టరమ్మ. ఆ మాట వినగానే నాకు పట్టుకున్నది ఉద్యోగం భయం. మూడు గంటలు నిలబడలేని మాస్టారిని ఎవరు పెట్టుకుంటారు?

మొదటి రోజు ఉదయం ఏడున్నరకే సరళా నేనూ ఆటో ఎక్కాం. బండి నడపొద్దన్నారు కాబట్టి స్కూటర్ ఇంట్లోనే ఉంది. ఆ వేళలో నారాయణగూడకు పది నిమిషాలు, తొమ్మిది దాటితే ఫ్లైఓవర్ దగ్గరే అంతసేపు. నేను రెండు నిమిషాలకోసారి వాచీ చూసుకోవడం అద్దంలో గమనించినట్టున్నాడు డ్రైవర్. "పరేషాన్ గాకు సార్. మా బావకు గుండెల మిషన్ పెట్టిన్రు. ఇప్పుడు నాకంటే ఎక్కువ తిరుగుతుండు" అన్నాడు. నాకు ధైర్యం రాలేదు, ఆ బావ మీద అసూయ వచ్చింది. క్లినిక్‌లో ముందు రక్తం తీశారు, థైరాయిడ్, లవణాలు చూడటానికి. నేను వేసుకునే బీపీ మాత్రల పేర్లు అడిగి రాసుకున్నారు, కొన్ని మాత్రలు కూడా గుండె వేగం తగ్గిస్తాయట. తర్వాత ఎకో, అంటే గుండె స్కానింగ్. ఎడమవైపు తిరిగి పడుకోవాలి, చల్లటి జెల్ రాస్తారు, నొప్పేమీ ఉండదు, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. చివరిది హోల్టర్, గుండె కొట్టుకునే తీరును రోజంతా ఆగకుండా నమోదు చేసే యంత్రం. ఛాతీ మీద వెంట్రుకలు గీసి, బిళ్లలు అంటించి, వైర్లు కలిపి, నడుముకు చిన్న డబ్బా కట్టింది టెక్నీషియన్ అమ్మాయి. "ఇరవై నాలుగు గంటలు తీయద్దు సార్, స్నానం చేయద్దు. రోజూ ఏం చేస్తరో గదే చేయుండ్రి. కండ్లు తిరిగితే ఈ బటన్ నొక్కి, ఈ కాగితం మీద టైం రాయుండ్రి" అని రెండుసార్లు చెప్పింది.

విన్నాను. విని ఏం చేశాను? పాతికేళ్లుగా పరీక్షలు గట్టెక్కించే వృత్తి నాది. పరీక్ష అన్నాక పాసవ్వాలి కదా అనుకున్నాను. సెలవు పెట్టి రోజంతా మంచం దిగలేదు. సరళ పెరుగన్నం కలిపి చేతికిచ్చింది, టీవీ సౌండ్ కూడా తగ్గించింది.

రెండో రోజు నా కాగితం చదివి డాక్టరమ్మ కళ్లద్దాలు తీశారు. "పడుకున్నాను, టీవీ చూశాను, పడుకున్నాను. ఇదేంటండీ? కళ్లు తిరిగింది క్లాసులో కదా, మరి క్లాసుకెందుకు వెళ్లలేదు?" గుండె నెమ్మదిగానే ఉంది, కానీ కళ్లు తిరిగే ఆ క్షణం దొరకలేదట. మళ్లీ డబ్బా కట్టి, పక్కన కుర్చీ వేసుకుని పాఠం చెప్పమన్నారు.

వదులు చొక్కా తొడుక్కుని నేరుగా అశోక్‌నగర్ వెళ్లాను. పదకొండు ఇరవైకి, రైలు వంతెన దాటే లెక్క మధ్యలో, బోర్డు నల్లబడింది. చెయ్యి బటన్ దాకా వెళ్లింది. నొక్కితే పేస్‌మేకర్ ఖాయం అనిపించింది. నొక్కలేదు. ముందు బెంచీలో అమ్మాయి లేచి, "సార్, జర కూసోండ్రి" అంది. కూర్చుని, నీళ్లు తాగి, కాగితం మీద "11:20, నీళ్లు తాగాను" అని రాశాను. నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా కొట్టేయలేదు.

మూడో రోజు డాక్టరమ్మ గీతల కాగితం మా ముందు పెట్టారు. వరసగా ఉన్న గీతల మధ్య ఒకచోట ఖాళీ. "పదకొండు ఇరవైకి మీ గుండె నాలుగున్నర సెకన్లు ఆగింది. మీరేమో నీళ్లు తాగానని రాశారు. అసలేం జరిగింది?" సరళ నా వైపు చూడలేదు. "చెప్పుండ్రి. వంటింట్ల పడ్డప్పుడు సుత కాలు జారిందనే అన్నరు" అంది. అప్పుడు చెప్పాను. ఆ నెలలో అలా అయిదుసార్లు అయిందని. సరళకు తెలిసింది ఒక్కటే. ఆమె తన వేళ్ల మీద అయిదూ లెక్కపెట్టుకుంది. చివరికి నేను అడగాలనుకున్నది అడిగాను: "పేస్‌మేకర్ పెట్టుకుంటే నిలబడి పాఠం చెప్పొచ్చా?"

"పెట్టుకుంటేనే నిలబడతారు" అన్నారు డాక్టరమ్మ.

వచ్చే వారం ఆపరేషన్. భయం పోలేదు, ఇది రాస్తూనే నాలుగుసార్లు లేచి హాల్లో తిరిగాను. కానీ మూడు రోజులూ ఆ పరీక్షలు నన్ను ఫెయిల్ చేయడానికి చూస్తున్నాయనుకున్నాను. నిజానికి ఆ చిన్న డబ్బా నా ఉద్యోగం కాపాడటానికే నడుముకు వేలాడింది, దానికి అబద్ధం చెప్పింది నేను. మీరూ ఈ దారిన వెళ్లాల్సి వస్తే ఒక్క మాట గుర్తుంచుకోండి: హోల్టర్ కట్టిన రోజు డాక్టర్ కాదంటే తప్ప మీ పని మీరు చేసుకోండి, కళ్లు తిరిగితే కళ్లు తిరిగాయనే రాయండి. నీళ్లు తాగామని రాయకండి.