పామర్రు సెంటర్లో మా పిన్ని బ్లాక్ అండ్ వైట్ ఫోటో

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక స్టూడియోలో నేను పాస్‌పోర్టు ఫోటోలు తీస్తాను. చెవులు కనపడాలి, నవ్వకూడదు, కళ్ళజోడు తీసేయాలి. రోజంతా ఈ మూడు మాటలే. అంతకుమించి ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు కాబట్టి ఆ ఉద్యోగం నాకు హాయిగానే ఉంటుంది.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. పాత పుస్తకాల కొట్లో దొరికిన విదేశీ ఫ్యాషన్ పత్రికల బౌండు ఒకటి నా బీరువాలో దుప్పట్ల కింద ఉంటుంది. అన్నీ మా అమ్మమ్మ చిన్నప్పటి కాలంనాటి నలుపు తెలుపు ఫోటోలు. వాటిలో అమ్మాయిలెవరూ కెమెరా వైపు చూడరు. ఒకామె వీపు తప్ప ఏమీ కనపడదు. ఇంకొకామెది టోపీ అంచు, దాని కింద గడ్డం, అంతే. వెనక ఖాళీ గోడ. అమ్మాల్సింది గౌను. ఫోటో తీసినాయన మాత్రం ఆ సంగతి మరిచిపోయి మెడ మీద పడ్డ వెలుతురు దగ్గరే ఆగిపోయాడు. ఆ ఒక్క మెడ గురించి నేను డైరీలో ఆరు పేజీలు రాశాను. క్రమంగా నా బట్టలు కూడా నలుపు, తెలుపు, బూడిద రంగుల్లోకి మారిపోయాయి. "లాయరుగారి దగ్గర గుమాస్తాగా చేరావా ఏంటే?" అంది అమ్మ.

అలాంటి ఫోటో ఒక్కటైనా నేను తీయాలి, అది నలుగురూ చూసేచోట ఉండాలి. అప్పట్లో నాకున్న కోరిక అదొక్కటే. స్టూడియోలో అది జరిగే పని కాదు.

పామర్రులో ఉండే మా పిన్ని మగ్గం వర్క్ జాకెట్ల కొట్టు పెడుతూ, ఫ్లెక్సీ కోసం తన ఫోటో తీసిపెట్టమంది. "నీ ఇష్టం వచ్చినట్టు తియ్యవే" అని కూడా అంది. ఆ మాట నాతో అంతవరకు ఎవరూ అనలేదు. పిన్ని ఫోన్ పెట్టేశాక కూడా నేను కాసేపు ఫోన్ చెవి దగ్గరే ఉంచుకున్నాను.

ముందుగదిలో కిటికీ పక్కన తెల్ల దుప్పటి కట్టాను. వెలుతురు పిన్ని ముఖం మీదికి తిప్పడానికి బాబాయి థర్మోకోల్ అట్ట పట్టుకున్నాడు.

"నవ్వనా?" అంది పిన్ని.

"వద్దు పిన్నీ."

"పళ్ళు కనపడకుండా నవ్వుతాలే."

"అసలొద్దు. గడ్డం కొంచెం పైకెత్తి ఆకాశం చూడు."

"ఆకాశంలో ఏముందే?"

"ఏమీ లేదు. ఉన్నట్టు చూడు."

"పెళ్ళైనప్పట్నుంచీ దీన్ని ఇంత శాంతంగా చూళ్ళేదు నేను" అన్నాడు బాబాయి అట్ట వెనకనుంచి.

ఫోటో నేను కలగన్నట్టే వచ్చింది. జాకెట్ భుజం దగ్గర చిన్న మెరుపు, పైన మెడ, పైకి తిరిగిన చూపు, మిగతాదంతా తెలుపు.

విజయవాడలో ఫ్లెక్సీ వేసే ఆయన దాన్ని చూడగానే గొంతు తగ్గించాడు. "మీకేమవుతారమ్మా?"

"మా పిన్నండీ."

"అయ్యో. చిన్నావిడే. బార్డర్‌కి పువ్వులు వేద్దామా, కొవ్వొత్తులా?"

ఈయనకి అభిరుచి బొత్తిగా లేదనుకున్నాను. "ఏమీ వద్దండీ, ఖాళీగా ఉంచండి" అన్నాను. ఫోటో కింద పిన్ని పేరు, దాని కింద "ఆదివారం ఉదయం పది గంటలకు ప్రార్థన, అందరూ రావలెను". పిన్నివాళ్ళింట్లో ఏ శుభకార్యమైనా పాస్టర్‌గారి ప్రార్థనతోనే మొదలవుతుంది. కొట్టు పేరు మాత్రం ఒక మూల చీమల్లాంటి అక్షరాల్లో పెట్టించాను. నా పత్రికల్లో అలాగే ఉంటుంది మరి.

శనివారం పొద్దున్నే బాబాయి దాన్ని సెంటర్లో కట్టించాడు. నేను ఎదురుగా కూల్‌డ్రింక్ షాపు పక్కన నిలబడి చూశాను. వెళ్ళేవాళ్ళు ఆగుతున్నారు. ఒకాయన బండి ఆపి హెల్మెట్ తీసి మరీ నిలబడ్డాడు. నా ఫోటోకి ఇంత గౌరవమా అని కళ్ళు చెమర్చాయి.

ఇంటికొచ్చేసరికి బాబాయి ఫోన్ మోగుతూనే ఉంది. "లేదండీ, బానే ఉందండీ, ఇడ్లీ తింటోందండీ" అంటున్నాడు. పిన్ని ఫోన్‌కీ ఒకటి వచ్చింది. "నేనేనండీ మాట్లాడేది" అనగానే అవతల కెవ్వుమని కేక, ఆపైన కట్టయిపోయింది.

అప్పటికి గాని నా బుర్రకి ఎక్కలేదు. మావైపు రంగుల్లేని మనిషి ఫ్లెక్సీ మీదికి ఎక్కిందంటే ఒక్కటే అర్థం. పుట్టినరోజువాళ్ళు, నాయకులు, ఓణీల ఫంక్షన్ అమ్మాయిలు అందరూ రంగుల్లోనే ఉంటారు. పోయినవాళ్ళే నలుపు తెలుపు. ఇన్నాళ్ళూ బస్సులో వస్తూ పోతూ నేనూ చూశాను. వాటిని ఫోటోలుగా ఎప్పుడూ అనుకోలేదు, అంతే.

"కొట్టు తెరవకముందే నన్ను సాగనంపావు కదే!" అంది పిన్ని. "ఇంక రేపు జాకెట్లు కొనడానికి ఎవరొస్తారు? తీయించెయ్ దాన్ని. రంగుల్లో, నవ్వుతూ ఉన్నది పెట్టు."

ఆ ఫోటో అలాగే ఉండాలని చెప్పడానికి నోరు తెరిచాను. "సరే పిన్నీ" అన్నాను. బాబాయి నిచ్చెన కోసం వెళ్ళాడు.

అంతలో గేటు దగ్గర ఏడుపు. వెనకవీధి బామ్మగారు. తలుపు తీసిన పిన్నిని పట్టుకుని భోరుమన్నారు. "మీ అక్క బంగారంలాంటి మనిషమ్మా! ఎలా జరిగింది?"

"నేనేనండీ బామ్మగారూ. అక్క కాదు."

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని పిన్నిని పైనుంచి కిందిదాకా చూశారు. "బతికే ఉన్నావా? మరి నన్నెందుకు ఏడిపించారు?" అని కోప్పడి, మంచినీళ్ళు తాగి, ఆ ఫోటో తీసిందెవరని అడిగారు. పిన్ని నావైపు వేలు చూపించింది. నేను తలుపు వెనక్కి జరిగాను.

"అలాంటిది నాకోటి తీసిపెట్టవే. మా ఆయన పోయినప్పుడు రేషన్ కార్డు ఫోటో పెద్దది చేసి పెట్టారు. చూడ్డానికొచ్చినవాళ్ళు వేరే ఇంటికొచ్చామనుకున్నారు. నావాళ్ళయితే ఏ పెళ్ళి ఫోటోలోంచో కోసేస్తారు, పక్కనోళ్ళ మోచెయ్యి కూడా వస్తుంది."

ఆదివారం కొట్టు రంగుల ఫ్లెక్సీతోనే తెరుచుకుంది. పిన్ని నిజంగా ఉందో లేదో చూసిపోదామని సగం ఊరొచ్చింది. కొందరు జాకెట్లు కూడా చూశారు. మధ్యాహ్నం బామ్మగారు ఇస్త్రీ చీరలో, మరో ఇద్దరు స్నేహితురాళ్ళని వెంటబెట్టుకుని వచ్చారు.

పిన్నివాళ్ళ ముందుగదిలో అదే కిటికీ పక్కన బామ్మగారిని కూర్చోబెట్టాను. గడ్డం పైకెత్తమన్నాను. ఆవిడ ఎత్తలేదు. ఎత్తితే మెడ ముడతలు కనపడతాయట. అవే కావాలన్నాను. స్నేహితురాళ్ళలో ఒకావిడ ఏదో అంది, బామ్మగారు నవ్వు ఆపుకోబోయారు, నేను నొక్కేశాను.

కెమెరా వెనక తెరమీద చాలాసేపు చూసుకున్నారు ఆవిడ. "ఇందులో మరీ బతికున్నట్టున్నానే. గోడకి పనికిరాదు. ఇంకోటి తియ్యి."

"తియ్యనండీ" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందని నాకు కాసేపటికి గాని తెలియలేదు. "ఇదే బాగుంది. ఇదే ఇస్తాను."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశారు. "నోట్లో నాలుక లేదనుకున్నాను నీకు" అని లేచి, తర్వాతి ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టారు.